నెత్తురు చిందని మాంసం

మేకను కోయకుండా మేకమాంసం వండుకోగలిగితే, కోడిని చంపకుండా కోడికూర తినగలిగితే, ఆ భోజనం మంచిదా కాదా? ఇరవై ఏళ్ళ క్రితమైతే విచారణ యువజనుల సమావేశంలో ఈ ప్రశ్న అడిగినవాణ్ణి చూసి అందరూ నవ్వేవారు. ఇప్పుడు నవ్వి ఊరుకోవడానికి వీలులేదు. ఇలాంటి కోడిమాంసం అమ్మకానికి సింగపూరు ప్రభుత్వం 2020 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. 2023 జూన్‌లో అమెరికా రెండు కంపెనీలకు అనుమతి ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో ఇటలీ చట్టం చేసి నిషేధించింది. 2024లో అమెరికాలోనే ఫ్లోరిడా, అలబామా రాష్ట్రాలు కూడా నిషేధించాయి. మన హైదరాబాదుకు కూడా ఈ కథలో చోటుంది. అక్కడి సీసీఎంబీ, మాంసంపై పరిశోధన చేసే జాతీయ కేంద్రం కలిసి ఈ పని చేపట్టడానికి 2019లో కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ నిధులిచ్చింది. ఆ రోజుల్లో పత్రికలు దీనికి ‘అహింసా మాంసం’ అని పేరు కూడా పెట్టాయి. ఆ పేరు దగ్గరికి మళ్ళీ వద్దాం. ముందు అసలు సంగతి తెలుసుకోవాలి. తెలియని దాన్ని మెచ్చుకోవడమూ తప్పే, తిట్టడమూ తప్పే.

మన కండరాల పోగులకు అంటుకొని కొన్ని చిన్న కణాలు నిద్రపోతున్నట్టుగా ఉంటాయి. 1961లో అలెగ్జాండర్ మౌరో అనే శాస్త్రవేత్త వీటిని గుర్తించాడు. కండరానికి దెబ్బ తగిలినప్పుడు ఇవి మేల్కొని, ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగి, చివరికి ఒకదానిలో ఒకటి కలిసిపోయి కొత్త పోగులవుతాయి. కాలికి దెబ్బ తగిలి కండ చితికినా కొన్నాళ్ళకు మళ్ళీ పూడుకోవడం వీటి చలవే. బతికున్న ఆవు ఒంటి నుంచి గోరంత కండ ముక్క తీసి, అందులోని ఈ కణాలను వేరుచేసి, చక్కెర, ఉప్పులు, విటమిన్లు కలిపిన ద్రవంలో ఉంచి, ఒంటి వేడిమి దగ్గర పెంచితే అవి శరీరం బయట కూడా అదే పని చేస్తాయి. ఇంతే సూత్రం. ఆవు బతికే ఉంటుంది, కండ వేరేచోట పెరుగుతుంది.

ఈ ఆలోచన వెంట పడి జీవితమంతా గడిపిన మనిషి ఒకాయన ఉన్నాడు. విల్లెమ్ వాన్ ఎలెన్ అనే డచ్చి దేశస్థుడు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపానువారి చెరలో పడి ఆకలితో అలమటించాడు. ఆ చెరలోనే మూగజీవాలను హింసించడం కూడా కళ్ళారా చూశాడు. యుద్ధం ముగిశాక ఆమ్‌స్టర్‌డామ్‌లో చదువుకుంటూ, ప్రయోగశాలలో ఒంటి నుంచి వేరుచేసిన కండ బతికి ఉండడం చూసి, ఆకలికీ హింసకూ ఒకే మందు దొరుకుతుందేమోనని ఆశపడ్డాడు. 1999లో పేటెంటు సంపాదించాడు. ఆ దేశానికే చెందిన మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు మార్క్ పోస్ట్ 2013 ఆగస్టు 5న లండన్‌లో అందరూ చూస్తుండగా అలా పెంచిన గొడ్డుమాంసంతో బర్గర్ వండించి, ఇద్దరిచేత రుచి చూపించాడు. ఆ ఒక్క బర్గర్‌కు అయిన ఖర్చు సుమారు రెండున్నర లక్షల యూరోలు. గూగుల్ స్థాపకుల్లో ఒకరు ఆ డబ్బు ఇచ్చారు. వాన్ ఎలెన్ ఆ రోజును చూసి, 2015లో కన్నుమూశాడు. ఆకలి తెలిసినవాడి కల ఇది. దీన్ని కేవలం ధనికుల వేడుక అని కొట్టిపారేసేవారు ఆ సంగతి మరచిపోకూడదు.

అయితే ఈ కథలో చాలాకాలం గట్టిగా చెప్పకుండా దాచిన మాట ఒకటి ఉంది. కణాలు పెరగడానికి చక్కెర, ఉప్పులు చాలవు. ‘పెరగండి’ అని వాటికి చెప్పే సంకేతాలు కావాలి. శరీరంలో ఆ పని రక్తం చేస్తుంది. మరి సీసాలో ఎవరు చేస్తారు? దశాబ్దాలుగా ప్రయోగశాలలన్నీ దీనికి వాడుతున్నది దూడ సీరం. అది పుట్టిన దూడది కూడా కాదు. కబేళాకు వచ్చిన ఆవు చూలుతో ఉంటే, దాన్ని కోసిన తరువాత కడుపులోని దూడ గుండెకు సూది గుచ్చి తీసిన రక్తం అది. ఆ రక్తాన్ని గడ్డకట్టించి, పైన తేరిన ద్రవాన్ని సీసాలకెత్తి అమ్ముతారు. కడుపులో ఎదుగుతున్న బిడ్డ రక్తంలో పెరుగుదల సంకేతాలు మెండుగా ఉంటాయి కాబట్టి దానికంత గిరాకీ. పోస్ట్ 2013లో చేసిన మాంసం కూడా ఈ సీరంతోనే పెరిగింది.

నెత్తురు చిందించని మాంసం అని చెప్పి, పుట్టని దూడ నెత్తుటితో దాన్ని పెంచడం! ఇంతకంటే ఎదురుబొదురుగా ఉండే మాట ఇంకొకటి ఉంటుందా? మంచి ఫలితం కోసం చెడ్డ మార్గం తొక్కకూడదని శ్రీసభ నీతిబోధ మనకు చిన్నప్పటి నుంచీ నేర్పుతోంది. ఆ శాస్త్రవేత్తలకు ఈ ఇబ్బంది తెలియక కాదు. తెలుసు కాబట్టే, అది ఖరీదైనది కూడా కాబట్టి, ఒక సీసాకూ మరో సీసాకూ గుణం మారిపోతుంది కాబట్టి, దాన్ని వదిలించుకోవాలని పదేళ్ళకు పైగా వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో వాళ్ళకు తోడు నిలిచినవి మొక్కలు. ఈ సంగతి మన పత్రికల్లో పెద్దగా రాలేదు గనుక కాస్త వివరంగా చెబుతాను.

సీరం చేసే పనులు ఒకటి కాదు. అందులోని ఆల్బుమిన్ అనే ప్రొటీను కణాలకు కొవ్వులనూ లోహాలనూ మోసుకొచ్చి ఇస్తుంది, వాటికి హాని చేసేవాటిని పట్టి ఉంచుతుంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో సీరం అక్కర లేకుండానే ఆవు కండర కణాలను పెంచే ద్రవం ఒకటి తయారుచేశారు. కానీ అందులో ఆల్బుమిన్‌ను విడిగా తయారుచేసి కలపాల్సివచ్చింది, దాని ఖరీదు చాలా ఎక్కువ. మరుసటి ఏడాది వాళ్ళే ఆల్బుమిన్ బదులు రేప్‌సీడ్ అనే, మన ఆవాల జాతికి చెందిన మొక్క గింజల ప్రొటీను వేసి చూశారు. కణాలు చక్కగా పెరిగాయి. నూనె తీశాక మిగిలిన చెక్కను మనవాళ్ళు గేదెలకు పెడతారు చూడండి, ఆ చెక్కలో ఉండే ప్రొటీను లాంటిదే ఇది. అంటే పశువుకు మేతగా వేసేది నేరుగా పశువు కండకే మేత అయింది!

ఇంకొకటి ఉంది. పాలకూరలో, మన చేలగట్ల మీద బట్టలకు అంటుకునే ఉత్తరేణిలో ఎక్‌డిస్టెరోన్ అనే పదార్థం ఉంటుంది. పురుగులు కుబుసం విడవడానికి వాటి ఒంట్లో పనిచేసే రసాయనం కూడా అదే. ఆకులు తినవచ్చే పురుగును తికమక పెట్టడానికి మొక్క ఆ రసాయనాన్ని తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. దేవుడు చిన్న మొక్కకు ఇచ్చిన తెలివి చూడండి! అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంవారు 2008లో ఎలుక కండర కణాలకు దీన్ని అందించి చూస్తే, ఆ కణాలు ప్రొటీను తయారుచేసే వేగం 20 శాతం వరకు పెరిగింది. ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్, ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్, పసుపులోని కుర్కుమిన్, స్పిరులినా నాచులోని నీలిరంగు ప్రొటీను, ఇలాంటివన్నీ కండర కణాల మీద పరీక్షకు వచ్చాయి. విడతల వారీగా చీలుతూ పోయే కణాలు త్వరగా ముసలివవుతాయి, ఆక్సిజన్ వాటిని దెబ్బతీస్తుంది. ఈ మొక్కల పదార్థాల్లో కొన్ని ఆ దెబ్బను కాచుకుంటాయి, కొన్ని కణాలు కలిసి పోగులుగా మారే ఘట్టంలో సాయపడతాయి.

కానీ ఇందులో కొలత ప్రాణం. పిసరంత వేస్తే కణాన్ని నిలబెట్టే పదార్థమే, కాస్త ఎక్కువైతే దాన్ని చంపుతుంది. పైగా సంఖ్యలో పెరగడం వేరు, పోగుగా మారడం వేరు. పోగుగా మారిన కణం ఇక చీలదు. కాబట్టి త్వరపెట్టి ముందే పోగులు చేస్తే మాంసం కొంచెమే వస్తుంది, ఆలస్యం చేస్తే అసలు కండే కాదు. ఏ మొక్క పదార్థాన్ని ఏ రోజున ఎంత వేయాలో తెలుసుకోవడమే ఇప్పుడు ఈ పరిశోధనలో పెద్ద భాగం. (ఇది చదివి ఎవరూ కండలు పెరుగుతాయని ఉత్తరేణి కషాయం తాగవద్దని మనవి. సీసాలోని కణం సంగతి వేరు, మన కడుపు సంగతి వేరు.) మొక్కలు గూడు కూడా ఇస్తున్నాయి. 2021లో బోస్టన్ కళాశాల పరిశోధకులు పాలకూర ఆకులోని కణాలన్నీ కడిగివేసి, మిగిలిన తెల్లని అస్థిపంజరం మీద ఆవు కండర కణాలను పెంచి చూపించారు. అంతకు ముందు ఏడాది ఇజ్రాయెల్‌వారు సోయా చిక్కుడు ప్రొటీనుతో అలాంటి గూడునే కట్టారు.

ఇక నీతి విషయానికి వద్దాం. మొదట వచ్చే అభ్యంతరం ‘ఇది దేవుని సృష్టిలో చేయి పెట్టడం కాదా’ అని. నాకు ఈ అభ్యంతరం బలంగా తోచదు. పాలలో తోడు వేసి పెరుగు చేసుకుంటున్నాం. ఒక మామిడి కొమ్మను మరో మామిడి మొదలుకు అంటుకడుతున్నాం. బలిపూజలో మనం అర్పించే ద్రాక్షారసం కూడా కంటికి కనబడని జీవుల పనితో పులిసినదే. ప్రకృతిలో ఉన్న శక్తిని తెలుసుకొని వాడుకోవడం మనిషికి దేవుడిచ్చిన పని. ఆదికాండము మొదటి అధ్యాయంలో మనిషికీ జంతువులకూ కూడా ఆహారంగా చెప్పినవి మొక్కలే. జలప్రళయం తరువాత, తొమ్మిదవ అధ్యాయంలో గాని మాంసానికి అనుమతి రాలేదు. ఆ అనుమతిలో కూడా నెత్తురు తినవద్దనే హద్దు ఉంది. మాంసం మనకు హక్కుగా కాక, హద్దుతో కూడిన సెలవుగా వచ్చిందన్నమాట. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం కూడా, ఆహారానికీ బట్టకూ జంతువులను వాడుకోవడం తప్పు కాదంటూనే, అక్కర లేకుండా వాటిని బాధపెట్టడం మానవ గౌరవానికి తగదని చెబుతుంది. అదే చోట, మనుషుల కష్టాలు తీర్చడానికి ముందుగా వెళ్ళాల్సిన డబ్బును జంతువుల మీద గుమ్మరించడం కూడా తగదంటుంది. రెండు మాటలూ కలిపి చదవాలి. ఒకదాన్నే పట్టుకుంటే తప్పుదారి పడతాం.

ఈ లెక్కన దూడ నెత్తురు బదులు ఆవ చెక్క, పాలకూర వాడి మాంసం పెంచగలిగితే, ఆ పని మీద ఉన్న పెద్ద మచ్చ ఒకటి పోయినట్టే. నేను దాన్ని సంతోషంగా ఒప్పుకుంటాను.

కాని అక్కడితో అయిపోలేదు. ‘అహింసా మాంసం’ అన్న పేరు దగ్గర నాకు గొంతులో ముల్లు దిగినట్టుంటుంది. ఎందుకో చెబుతాను.

మన ఊళ్ళలో క్రీస్తు జయంతికో, పాస్కా పండుగకో నాలుగిళ్ళవాళ్ళు కలిసి వేటను కొంటారు. తెలంగాణలో యాట అంటారు. వేకువనే కోస్తారు. కోసేది అందరి కళ్ళెదుటే. పిల్లలు గోడ చాటు నుంచి చూస్తారు, కొందరు ఏడుస్తారు. నిన్నటిదాకా ఆకులు మేపిన మేక అది. తరువాత తాటాకు మీదో, విస్తరాకుల మీదో పోగులు వేస్తారు. తలకాయ ఎవరికి, కాళ్ళు ఎవరికి, కాలేజం ముక్క ఏ బాలింతకు అని బేరాలూ పంపకాలూ జరుగుతాయి. పోగు కొనలేని ముసలమ్మకు కూడా గిన్నెడు కూర వెళ్ళకపోతే ఆ ఇంటికి పండుగ కాదు. ఆ భోజనంలో నెత్తురుంది, నిజమే. కాని ఒక ప్రాణం పోయిందని అక్కడ అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే అది రోజూ జరగదు, తెలుసు కాబట్టే పంచుకుంటారు.

మరి పట్టణంలో? చల్లటి అద్దాల పెట్టెలో, ప్లాస్టిక్ పళ్ళెంలో, చర్మం తీసి, ఎముక తీసి, ముఖం లేకుండా చేసిన ముక్కలు కొంటున్నాం. కోసినవాడు ఎవరో తెలియదు, ఎలా కోశాడో తెలియదు. వారానికి నాలుగు రోజులు తింటున్నాం. చంపడం కంటికి దూరమైన కొద్దీ తినడం పెరిగింది గాని తగ్గలేదు. ఇప్పుడు చంపడం పూర్తిగా లేకుండా పోతే, మన నాలుక ఇంకా అదుపు తప్పుతుందా, లేక మన మనసు మెత్తబడుతుందా? నాకు రెండోది జరుగుతుందన్న నమ్మకం అంతగా లేదు.

దీనికంటే నన్ను బాధించేది మరొకటి ఉంది. మన భాషలో ‘కసాయి’ అన్న మాటను ఎలా వాడుతున్నామో గమనించారా? అది ఒక వృత్తి పేరు. పొద్దున్నే లేచి కత్తి నూరుకొని, మనం తినే మాంసం కోసి, తూచి ఇచ్చే మనిషి పేరు. ఆ మాట మనకు తిట్టయింది. దయలేని తండ్రిని కసాయి అంటాం. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత చెప్పుకుంటాం. కూర మనది, పాపం వాడిది! చచ్చిన గొడ్డును ఊరి నుంచి మోసుకుపోయి, తోలు తీసి చెప్పులు కుట్టి ఇచ్చినవారిని ఊరి చివర ఉంచిన సమాజం మనది. ఆ చెప్పులు మాత్రం అందరూ తొడుక్కున్నారు. మన విచారణల్లో చాలా కుటుంబాలు ఆ ఊరి చివరి నుంచి వచ్చినవే. పెద్దకూర తిన్నందుకు వాళ్ళ తాతలు పడిన అవమానాలు వాళ్ళు ఇంకా మరచిపోలేదు. అప్పట్లో వాళ్ళకు అందుబాటులో ఉన్న బలమైన ఆహారం అదొక్కటే.

ఇప్పుడు ‘అహింసా మాంసం’ అన్న పొట్లం అంగట్లోకి వచ్చిందనుకోండి. ధర ఎక్కువ కాబట్టి ముందు కొనేది ఉన్నవాళ్ళు. అప్పుడు లోకం రెండుగా చీలుతుంది. చేతికి నెత్తురంటకుండా మాంసం రుచి చూసే పవిత్రులు ఒకవైపు, మేకను కోసుకు తినే హింసావాదులు ఒకవైపు. పాత అంటరానితనానికి శాస్త్రం కొత్త చీర కట్టినట్టవుతుంది. ఆ పరిశోధకులకు ఈ ఉద్దేశం ఉందని నేను అనడం లేదు. పేరుకు ఉన్న బలం అలాంటిది. కణ మాంసం అనండి, ప్రయోగశాల మాంసం అనండి, ఏదైనా అనండి. తినేవాడికి పుణ్యం, తినలేనివాడికి పాపం అంటగట్టే పేరు మాత్రం వద్దు.

ఈ చిక్కు కొత్తది కాదు. కొరింతు పట్టణంలో ఇలాంటి తగవే వచ్చింది. గుళ్ళలో విగ్రహాలకు అర్పించిన మాంసమే అంగట్లోకి వచ్చేది. దాన్ని కొనవచ్చునా అని క్రైస్తవులు తర్జనభర్జన పడ్డారు. చదువుకున్నవారు, ఉన్నవారు ‘విగ్రహం ఒట్టిదే కదా, మాకేం’ అని తిన్నారు. నిన్నమొన్నటిదాకా ఆ గుళ్ళకే వెళ్ళిన పేదవారు కలతపడ్డారు. పునీత పౌలు వ్రాసిన మొదటి లేఖ ఎనిమిదవ అధ్యాయం, పదవ అధ్యాయం ఒకసారి తీసి చదవండి. మాంసం మంచిదా చెడ్డదా అన్నదాని మీద ఆయన ఎక్కువ సేపు ఆగడు. అంగట్లో అమ్మేది ఆరా తీయకుండా తినమంటాడు. ఆయన మనసంతా పక్కన కూర్చున్న మనిషి మీద ఉంది. నీ తిండి వల్ల నీ తోబుట్టువు పడిపోతాడా, లేదా? తిండి విషయంలో నా తెలివే గొప్పదని నిక్కేవారికి ఆయన పెట్టిన చీవాట్లు రెండు వైపులకూ తగులుతాయి, పొట్లం కొనేవారికీ, దాన్ని చూసి ఎగతాళి చేసేవారికీ.

ఇక పొట్టకూటి సంగతి. 2019 పశుగణన ప్రకారం దేశంలో అన్నిటికంటే ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ, 1 కోటి 90 లక్షలకు పైగా. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఈ గొర్రెల వెనక గొల్ల కురుమల కుటుంబాలున్నాయి, మేకలు రెండు మూడు పెట్టుకొని పిల్లల ఫీజులు కట్టుకునే ఒంటరి ఆడవాళ్ళున్నారు. అవసరానికి అమ్ముకునే మేక పేదవాడికి బ్యాంకు ఖాతా లాంటిది. ఉక్కు తొట్టెల్లో పెరిగే మాంసానికి యజమాని పేటెంటు ఉన్న కంపెనీ. ఇటలీ నిషేధం వెనక ఉన్న భయాల్లో ఇదొకటి. నిషేధం నాకు సరైన దారిగా కనబడదు. కాని ఆ భయం మూర్ఖత్వం కాదు.

పేటెంటు అన్నాక పసుపు గుర్తుకు రాక మానదు. గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి మీద 1995లో అమెరికాలోని మిస్సిసిపీ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చారు! మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందు పెట్టి వాదిస్తే 1997లో అది రద్దయింది. దీనికి భిన్నమైన కథ కేరళలో ఉంది. అగస్త్య కొండల్లో 1987లో శాస్త్రవేత్తలకు దారి చూపడానికి వచ్చిన కాణి గిరిజనులు ఏవో చిన్న కాయలు నములుతూ అలసట లేకుండా నడిచారు. ఆరోగ్యపచ్చ అనే ఆ మొక్క నుంచి ‘జీవని’ అనే మందు తయారైంది. దానిపై వచ్చిన సొమ్ములో సగం కాణివారికి ఇవ్వాలని ఒప్పందం చేసుకొని, 1997లో వారి కోసం ఒక ట్రస్టు పెట్టారు. ఆ ఒప్పందం అమల్లో ఒడుదొడుకులు లేకపోలేదు, అయినా దారి చూపింది. 2002లో మన దేశం జీవ వైవిధ్య చట్టం చేసుకుంది. ఇప్పుడు కండర కణాలను పెంచే మొక్కల కోసం ప్రపంచమంతా వెతుకుతోంది. ఏ ఆకు ఏ నొప్పికి పనిచేస్తుందో తరతరాలుగా గుర్తుపెట్టుకున్నది మన కొండల్లోని కోయలు, చెంచులు, సవరలు, పల్లెల్లోని మంత్రసానులు. రేపు వాళ్ళు చూపిన ఆకు రసం ఉక్కు తొట్టెలో పడి కోట్లు సంపాదిస్తే, అందులో వాళ్ళ వాటా ఎంత? దూడ సంగతి ఆలోచించినవారు ఈ మనుషుల సంగతి కూడా ఆలోచించాలి.

పర్యావరణం గురించి ఒక మాట. పశువుల పెంపకం వల్ల నేల, నీరు, గాలి మీద పడే భారం తక్కువది కాదు. ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వ్రాసిన ‘లౌదాతో సి’ లేఖ చదివినవారికి భూమి మీద మన బాధ్యత వేరే చెప్పనవసరం లేదు. ఆ భారం తగ్గుతుందని ఈ మాంసానికి ప్రచారం చేస్తున్నారు. కాని 2023లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వేసిన లెక్క మరోలా ఉంది. కణాలను పెంచే ద్రవాన్ని మందుల తయారీ స్థాయిలో శుద్ధిచేస్తూ పోతే, అందుకు అయ్యే కరెంటు వల్ల పడే భారం మామూలు గొడ్డుమాంసం కంటే ఎక్కువ కావచ్చునట. అంత శుద్ధి అక్కర లేని, వంటింటి స్థాయి మొక్కల సరుకు వాడగలిగితేనే ఆ లెక్క మారుతుంది. ఆవ చెక్క విలువ ఇక్కడ మళ్ళీ తెలుస్తుంది.

చివరగా, మన ఇళ్ళలో పిల్లలు తప్పక అడిగే ప్రశ్న. తపస్కాలపు శుక్రవారం ఈ మాంసం తినవచ్చునా? చంపలేదు కదా, నెత్తురు లేదు కదా, శుద్ధభోజనమే కదా?

ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఐర్లండులో ఇదే తగవు నడిచింది. అక్కడి సముద్ర తీరాలకు చలికాలంలో ఒక రకం బాతులు వచ్చేవి. అవి గుడ్లు పెట్టడం ఎవరూ చూడలేదు, ఎందుకంటే అవి గూళ్ళు కట్టేది దూరాన ఉత్తర ధ్రువం దగ్గర. సముద్రంలో కొట్టుకొచ్చిన దుంగలకు అంటుకున్న గవ్వల్లోంచి పుడతాయని జనం నమ్మారు. మాంసం నుంచి పుట్టలేదు గనుక మాంసం కాదని కొందరు గురువులు ఉపవాస దినాల్లో దాన్ని హాయిగా ఆరగించారు. 1188 ప్రాంతంలో వేల్సు దేశపు గురువు జెరాల్డ్ తన ఐర్లండు గ్రంథంలో వాళ్ళను పట్టుకున్నాడు. ఆదాము ఏ మాంసం నుంచీ పుట్టలేదు, మట్టి నుంచి వచ్చాడు. అంతమాత్రాన ఆదాము తొడ కోసుకు తిన్నవాడు మాంసం తినలేదంటారా, అని ఆయన వాదం.

ఆ వాదానికి తిరుగు లేదు. తొట్టెలో పెరిగినా ఆ పోగు ఆవు పోగే, రుచీ అదే, అందుకే కదా ఇంత ఖర్చుపెట్టి పెంచుతున్నది. శ్రీసభ ధర్మశాస్త్రం 1251వ సూత్రంలో మాంసం అని ఉందే గాని కబేళా అని లేదు. రుచిని ఒక రోజు పక్కన పెట్టడమే ఆ నియమం ఆంతర్యం గనుక, ఆ పొట్లం మా ఇంటికి వచ్చిన రోజున శుక్రవారం మాత్రం దాన్ని విప్పనివ్వనని మా పిల్లలతో ఇప్పుడే చెప్పి ఉంచాను. అందుకు మా పెద్దవాడు, మరి శుక్రవారాల్లో అమ్మ చేసే రొయ్యల ఇగురు మాటేమిటని అడిగాడు. ఆ తగవు ఇంకా తేలలేదు.